చిన్న దారుల్లో సైకిలు మీద ఒంటరిగా ఒక రోజంతా: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే సామాను కట్టుకుని బయలుదేరడం, పెద్ద రోడ్లను తప్పించుకుంటూ పోవడం, పొద్దు గుంకేలోపు నూరు కిలోమీటర్ల అవతల దిగడం. పక్కన తోడు ఉండదు, వెనుక సామాను మోసే బండి రాదు. అలాంటి రోజులంటే నాకు ప్రాణం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నా జవాబులన్నింటి వెనుకా ఉన్న లెక్క ఒకటే: ఒంటరిగా పోయే మనిషి దగ్గర వెలుగు, నీళ్లు, తిండి, ఓపిక, వీటిలో ఏదీ అడుగంటకూడదు. నలుగురిలో ఉన్నప్పుడు ఒకరి కొరతను మరొకరు తీరుస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మిగులును మనమే దాచుకోవాలి.

చిన్న దారులంటే ఏవి? పెద్ద రోడ్డు ఎక్కితే త్వరగా చేరుకోవచ్చు కదా?

చేరుకోవచ్చు. త్వరగా చేరడమే కావాలంటే బస్సు ఎక్కడం ఇంకా మేలు. చిన్న దారి అంటే లారీలు అవసరం లేక వదిలేసిన దారి. ఊరికీ ఊరికీ మధ్య నడిచేది, పొలాల వెంట, కాలువ కట్టల మీద, కొండల నడుము చుట్టూ తిరిగేది. కొత్త రహదారి వచ్చాక పక్కన మిగిలిపోయిన పాత రోడ్డు కూడా ఇందులోకే వస్తుంది. నాకు అన్నింటికన్నా ఇష్టమైనవి అవే. పశువులు లాగే బళ్ల కాలంలో పడిన దారులు చాలావరకు నిట్టనిలువుగా ఎక్కవు, కొండను చుట్టుకుంటూ నిదానంగా ఎక్కుతాయి. పశువుకు అనువైన వాలు మన కాళ్లకూ అనువే.

వాటిలో పోవాలంటే వేగం వదులుకోవాలి. మలుపులు ఎక్కువ, గతుకులు ఎక్కువ, తారు ఎక్కడ ఆగిపోయి మట్టి మొదలవుతుందో చెప్పలేం. పెద్ద రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు పోయే మనిషి ఇక్కడ 14, 15తో తృప్తిపడాలి.

ఒక రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి?

అలవాటున్న మనిషికి సామానుతో 80 నుంచి 120 కిలోమీటర్లు నిండైన రోజు. కొత్తవాళ్లు 50, 60తో మొదలుపెట్టండి. ఆడాక్స్ పద్ధతిలో, అంటే ఖాయం చేసిన గడువులోపు చాలా దూరం పూర్తిచేసే పద్ధతిలో, తొక్కేవాళ్ల అంకెలు విని కొందరు తొందరపడతారు. అందులో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు గడువు. ఫ్రాన్సులో 1891లో మొదలైన సుదూర సైకిలు యాత్ర పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో ఇప్పుడు సుమారు 1200 కిలోమీటర్లకు 90 గంటల గరిష్ఠ గడువు ఉంది. కానీ వాళ్లు తేలిక సామానుతో, ముందే ఖాయమైన దారిలో, రాత్రిళ్లు కూడా తొక్కుతారు. మన రోజు వేరు.

దూరంకన్నా ముందు చూడవలసింది ఎక్కుడు. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి. మీరు, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తుకు ఎక్కడానికి దాదాపు 98,000 జౌళ్ల శక్తి కావాలి. రోజంతా నిలకడగా తొక్కే మామూలు మనిషి ఎక్కుడు మీద 100 వాట్లు పెట్టగలడనుకుంటే అది సుమారు 16 నిమిషాల పని. అంటే దారిలో మొత్తం 1000 మీటర్ల ఎక్కుడు ఉంటే, దానికే సుమారు 2 గంటల 45 నిమిషాలు పోతాయి. దిగుడులో కొంత తిరిగి వస్తుంది, కానీ ఇచ్చినంత ఎప్పుడూ రాదు. చిన్న దారిలో దిగుడంటే గులకరాళ్లు, గుడ్డి మలుపులు, చేతులు బ్రేకుల మీదే. అందుకే నేను మ్యాపులో దూరం చదివే ముందు ఎత్తుల గీత చదువుతాను.

ఇంకొకటి. మీరు ఒక రోజులో అత్యధికంగా ఎంత పోగలరో దానిలో మూడింట రెండొంతులకే ప్రణాళిక వేసుకోండి. మిగతా వంతు పంక్చరుకు, దారి తప్పడానికి, చెట్టు కింద ఊరికే కూర్చోవడానికి. ఆ చివరిది లేకపోతే ఇంత దూరం రావడం దేనికి?

దారిని ముందే గీసుకోవాలా, పోతూ పోతూ చూసుకోవచ్చా?

గీసుకోండి, తర్వాత ఆ గీతను వదలడానికి సిద్ధంగా ఉండండి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను స్వచ్ఛంద కార్యకర్తలే నింపుతున్నారు. కాలిబాటలు, మట్టి దారులు అందులో చాలాచోట్ల వివరంగా ఉంటాయి, కొన్నింటికి తారా, కంకరా, మట్టా అన్న సమాచారం కూడా ఉంటుంది. దానితో పాటు ఉపగ్రహ చిత్రం మీద వేలు పెట్టి దారంతా ఒకసారి నడవండి. వాగు దాటే చోట వంతెన నీడ కనిపిస్తుందా? అడవిలోకి దూరిన దారి అవతలి వైపు తేలుతుందా?

ఒకసారి మ్యాపులో నిక్షేపంగా ఉన్న వంతెన నేను వెళ్లేసరికి లేదు. వరద ఎప్పుడో తీసుకుపోయింది. రెండు గట్ల మీదా రోడ్డు ఉంది, నడుమ నీళ్లున్నాయి. మరో దాటు వెతుక్కోవడానికి వచ్చిన దారినే 18 కిలోమీటర్లు వెనక్కి తొక్కాను. ఆ రోజు నన్ను కాపాడింది మధ్యాహ్నం మిగుల్చుకున్న రెండు గంటల వెలుగు, సగం నిండిన నీళ్ల సీసా. అప్పటి నుంచి ప్రతి 25, 30 కిలోమీటర్లకు ఒక తప్పుకునే చోటు గుర్తుపెట్టుకుంటాను. అక్కడి నుంచి పెద్ద రోడ్డుకు గానీ, వాహనం దొరికే ఊరికి గానీ ఎటు పోవాలో ముందే రాసుకుంటాను. ఎదురుపడినవాళ్లను అడగడం కూడా మానకండి. అయితే "ఈ దారి పోతుందా?" అని అడిగితే చాలామంది మర్యాదకు పోతుందనే అంటారు. "ఈ దారి ఎలా ఉంది, చివరిసారి మీరు ఎప్పుడు వెళ్లారు?" అని అడగండి.

ఖరీదైన సైకిలు కావాలా?

అక్కర్లేదు. మీ ఒంటికి సరిపోయేది, మీరు బాగుచేసుకోగలిగేది కావాలి. ప్రపంచాన్ని సైకిలు మీద మొదట చుట్టి వచ్చిన థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరింది ముందు చక్రం నిలువెత్తు ఉండే పాతకాలపు సైకిలు మీద. దానికి గేర్లు లేవు, గాలి టైర్లు లేవు. డన్‌లప్ గాలి టైరు వచ్చిందే 1888లో. అయినా ఆయన 1886 డిసెంబరులో యొకహామా చేరాడు. మనకు ఆ కష్టం అవసరం లేదు, కానీ సామగ్రి సరిపోలేదని ప్రయాణం వాయిదా వేసుకునేవాళ్లు ఆయనను తలచుకోవాలి.

డబ్బు పెట్టదలిస్తే రెండు చోట్ల పెట్టండి. ఒకటి టైర్లు. 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పున్నవి వేసుకుని, గాలి కాస్త తగ్గించండి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ ఒత్తిడి ఒక హద్దు మాత్రమే, అంత కొట్టాలని కాదు. గతుకుల మీద రాయిలా గట్టిగా ఉన్న టైరు ఎగిరెగిరి పడుతూ మీ బలాన్ని తినేస్తుంది. కాస్త మెత్తనిది గతుకును మింగి ముందుకు పోతుంది. రెండోది తేలిక గేరు. ముందు పళ్లచక్రానికి 30 పళ్లు, వెనుక పెద్దదానికి 34 ఉంటే పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం చుట్టుకన్నా తక్కువే తిరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడు మీద సామానుతో కూర్చునే తొక్కగలిగేది దానితోనే. గేర్లు బలహీనులకు అనుకునే రోజులు ఒకప్పుడు ఉన్నాయి. టూర్ ద ఫ్రాన్స్ పోటీలో గేరు మార్చే డిరైలర్‌ను అనుమతించింది 1937లోనే. మీరు అంతకాలం ఆగనక్కర్లేదు.

సామాను ఎంత ఉండాలి?

ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పైన చేసిన ఎక్కుడు లెక్కనే మళ్లీ చూడండి. 1000 మీటర్ల ఎక్కుడు మీద ఒక కిలో అదనపు బరువు తినేది నిమిషంన్నరకు కాస్త ఎక్కువ, అంతే. గ్రాముల కోసం టూత్‌బ్రష్ పిడి కోసేవాళ్లు రెండో ట్యూబు, వానకోటు ఇంట్లో వదిలి వస్తారు. అది తెలివైన బేరం కాదు. ఒంటరిగా వెళ్లేటప్పుడు పనిముట్లు, నీళ్లు, వెచ్చని బట్ట, ఈ మూడింటిలో పిసినారితనం వద్దు. తగ్గించవలసింది "ఒకవేళ పనికొస్తుందేమో" అని పెట్టుకునే మారు బట్టలు, అలంకారాలు.

బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది నాకు ముఖ్యం. బరువైనవి కింద, చక్రం ఇరుసుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా కట్టండి. వీపు మీద సంచి వద్దే వద్దు. నాలుగో గంటకు ఆ బరువంతా భుజాల మీదా, కూర్చునే చోటా తెలుస్తుంది.

ఎన్ని గంటలకు బయలుదేరాలి?

తెల్లవారగానే. రాత్రి నేల చల్లబడి, నేలను ఆనుకుని ఉన్న గాలి కదలకుండా ఉంటుంది. పొద్దెక్కి నేల కాగేకొద్దీ వేడిగాలి పైకి లేచి, పైనున్న వేగమైన గాలి కిందికి దిగుతుంది. లోతట్టు ప్రాంతాల్లో మధ్యాహ్నం గాలి పుంజుకునేది అందుకే. తీరం దగ్గర సముద్రపు గాలి కూడా పొద్దెక్కాకే మొదలవుతుంది. ఉదయం మొదటి మూడు గంటల్లో మీరు పోయే దూరం, మధ్యాహ్నం అదే కష్టానికి దక్కదు.

రోజంతా ఏం తినాలి, ఎంత తాగాలి?

సామానుతో ప్రయాణాలకు పేరుపడిన ఫ్రెంచివాడు పాల్ ద వివీ (1853–1930) కలంపేరు వెలోసియో. ఆయన తోటి సైకిలు యాత్రికులకు పెట్టిన నియమాల్లో రెండు నాకు వేదం: ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. దీనికి కారణం ఉంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండి పదార్థం గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకే సరిపోతుంది. కొవ్వు నుంచి శక్తి వస్తూనే ఉంటుంది కానీ అది నెమ్మది. నిల్వ ఖాళీ అయ్యాక తిన్నది రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది, ఈలోపు మీరు రోడ్డు పక్కన కూలబడి ఉంటారు.

నాకు అది అనుభవం. ఒక చల్లని రోజు, గాలి వెనుక నుంచి తోస్తుంటే, ఆగాలనిపించక మూడున్నర గంటలు ఏమీ తినకుండా తొక్కాను. ఉన్నట్టుండి చేతులు వణకడం మొదలైంది. ఎదురుగా ఉన్న చిన్న ఎక్కుడు గోడలా కనిపించింది. అన్నింటికన్నా భయపెట్టింది నా ఆలోచన తీరు. సంచిలో తిండి ఉందని తెలిసి కూడా దాన్ని విప్పడం పెద్ద పనిగా తోచి, పది నిమిషాలు దిగాలుగా కూర్చున్నాను. పక్కన ఎవరైనా ఉంటే నోట్లో పెట్టేవారు. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధి మందగించడం కాళ్లు మొరాయించడంకన్నా ప్రమాదం.

అందుకని గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం కడుపులో పడేటట్టు చూసుకోండి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములకు పైగా ఉంటుంది. ఒక్కసారిగా కడుపునిండా తిని ఎక్కుడు ఎక్కకండి. అరగంటకోసారి కొంచెం కొంచెం తింటే కడుపు సణగదు. చేతికి అందేచోట, ఒక చేత్తో తీసుకునేలా పెట్టుకోండి. రుచుల్లో తీపి ఒక్కటే ఉంటే మధ్యాహ్నానికి వెగటు పుడుతుంది, ఉప్పగా ఉండేదీ తప్పకుండా ఉండాలి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండలో ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు, ముదిరితే తక్కువైనట్టు. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే అదే పనిగా తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. తయారు పొట్లాలు దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలిచి కలిపితే చాలు. నీళ్లు దొరికిన ప్రతిచోటా సీసాలు నింపుకోండి, సగం ఉన్నా నింపుకోండి. ముందు ఊళ్లో దొరుకుతాయిలే అనుకోవడం నేను మానేశాను.

ఎదురుగాలిని ఎలా తట్టుకోవాలి?

ముందు దాని లెక్క అర్థం చేసుకోవాలి. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. మీరు గంటకు 20 కిలోమీటర్లు పోతుంటే, ఎదురుగా అంతే వేగంతో గాలి వీస్తే, మీ ముఖానికి తగిలేది 40. బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుకే గాలి రోజున మామూలు వేగం నిలబెట్టుకోవాలని పట్టుబట్టినవాళ్లు మధ్యాహ్నానికి డస్సిపోతారు. వేగాన్ని వదిలేయండి. రెండు గేర్లు తేలిక చేయండి, కాళ్లు తిరిగే లయను మాత్రం చెడనివ్వకండి. మోచేతులు వంచి ఒంటిని కిందికి దించండి, గాలికి అడ్డం పడేది ఎక్కువగా మన ఒళ్లే. రెపరెపలాడే కోటును బిగించండి.

గాలిలో దూరం చూపే అంకెను నేను కప్పేస్తాను. ఎక్కుడుకు పై అంచు కనిపిస్తుంది, దాన్ని చూస్తూ తొక్కవచ్చు. ఎదురుగాలికి అలాంటి అంచు లేదు. అందుకని నలభై నిమిషాలు తొక్కడం, గాలి మరుగున ఐదు నిమిషాలు కూర్చోవడం అని కాలంతో బేరం పెట్టుకుంటాను. గట్లు, చెట్ల వరసలు ఉన్న చిన్న దారి ఈ రోజుల్లో పెద్ద రోడ్డుకన్నా చాలా దయగా ఉంటుంది. తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే ప్రయాణమైతే, ఉదయం గాలికి ఎదురు వెళ్లి, అలసిన వేళకు గాలివాటున వచ్చేలా దారి వేసుకోండి.

పంక్చరైతే?

ట్యూబు మార్చుకోవడం ఇంట్లోనే, చీకట్లో కూడా చేయగలిగేంతగా నేర్చుకోండి. రెండు ట్యూబులు, అతుకుల పెట్టె, టైరు విప్పే పుల్లలు, పంపు. ఈ పని గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను: కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా వేళ్లతో నిదానంగా తడమండి. ఒక సాయంత్రం వెలుగు పోతోందన్న ఆత్రంలో నేను ఆ పని సగమే చేశాను. రెండు కిలోమీటర్లకే కొత్త ట్యూబూ కూర్చుంది. ముల్లు టైరులో అలాగే ఉంది, లోపలి వైపు గోరంత కూడా తేలలేదు, టైరును వంచితేనే మొన బయటికి వచ్చింది. పాత ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వు దగ్గర నుంచి కొలుచుకుని, టైరులో అదే చోట వెతికితే దొరుకుతుంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే అది ముల్లు కాదు, గాలి చాలక ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగింది.

టైరే కోసుకుపోతే లోపలి నుంచి పాత టైరు ముక్కను అడ్డం పెట్టి నెమ్మదిగా పోవచ్చు. అరచేయంత ముక్క ఒకటి నా పనిముట్ల సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

ఇంకా ఏ మరమ్మతులు రావాలి?

తెగిన చైను కలపడం, బ్రేకు బిగించడం, సడలిన బోల్టులు కనిపెట్టడం. చైను కలిపే లింకు ఒకటి, చైను విప్పే పనిముట్టు, ప్లాస్టిక్ కట్లు, కాస్త టేపు ఉంచుకోండి. బయలుదేరే ముందే చైను అరుగుదల కొలవండి. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 304.8 మిల్లీమీటర్లు ఉంటాయి. అది 306.4 దాకా సాగితే మార్చేయాలి. లేకపోతే పళ్లచక్రాల పళ్లను కూడా తినేస్తుంది.

కుక్కలు వెంటపడితే?

పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. సామానున్న సైకిలుతో వాటిని మించి పోలేం. నేను చేసేది ఇది: ఆగి, దిగి, సైకిలును నాకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకుని, కళ్లలోకి చూడకుండా, మామూలు గొంతుతో మాట్లాడుతూ నడుస్తాను. ఎక్కువసార్లు వాటి ఆసక్తి అక్కడితో పోతుంది. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగండి, ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లి రేబిస్ టీకా సంగతి చూసుకోండి. ఇందులో రేపన్న మాట వద్దు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు ఉండదు.

మోకాళ్లు నొస్తున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇది మామూలేనా?

అలసట మామూలు, నొప్పి కాదు. మోకాలి ముందు వైపు నొస్తే చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉన్నట్టు, వెనుక వైపు నొస్తే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. మడమను పెడలు మీద పెట్టి కిందిదాకా తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. మొదట అలా కుదుర్చుకుని, తర్వాత మిల్లీమీటర్లలో సరిచేసుకోండి. బరువైన గేరులో మెల్లగా తొక్కడం కూడా మోకాళ్లకు శత్రువే. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున పోయే అల్నార్ నరం నలుగుతున్నట్టు. చేతుల పట్టు పది నిమిషాలకోసారి మార్చండి, హ్యాండిల్‌ను కాస్త ఎత్తండి. కూర్చునే చోట ఒరుసుకుపోవడం మొదలైందనిపించగానే ఆగి శుభ్రం చేసుకుని లేపనం రాయండి. సిగ్గుపడి రెండు గంటలు వాయిదా వేస్తే మూడు రోజులు బాధపడతారు.

పాటలు వింటూ వెళ్లవచ్చా?

నేను వినను. వెనుక నుంచి వచ్చే వాహనం చెవులకే ముందు తెలుస్తుంది.

ఫోనుకు సిగ్నల్ లేనిచోట ఎలా?

ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకోవడానికి సిగ్నల్ అక్కర్లేదు. మ్యాపులు ముందే ఫోనులోకి దించుకుంటే, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా మీరున్న చోటు కనిపిస్తుంది, బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది. సిగ్నల్ వెతుక్కుంటూ ఉండడమే దాన్ని ఎక్కువగా తినేస్తుంది. సహాయం కోరవలసి వస్తే అక్షాంశ, రేఖాంశాలు చదివి చెప్పడం నేర్చుకోండి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు చెబితే చాలు, మిమ్మల్ని సుమారు 11 మీటర్లలోపు గుర్తిస్తారు. 112 నంబరు చాలా దేశాల్లో పనిచేస్తుంది. అయినా దారి వివరం ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తడిసిన ఫోను, పగిలిన ఫోను ఏదీ చెప్పలేదు.

ఒంటరిగా వెళ్లడం, అందులోనూ మహిళలు వెళ్లడం క్షేమమేనా?

ఆనీ లండన్‌డెరీ ముగ్గురు పిల్లల తల్లి. 1894లో బోస్టన్ నుంచి లోకాన్ని చుట్టడానికి బయలుదేరి మరుసటి ఏడాది తిరిగి వచ్చారు. దారిలో ఓడలు, రైళ్లు కూడా ఎక్కారు, అయినా ఆ కాలానికి అది మామూలు సాహసం కాదు. డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున ఒక సైకిలు, ఒక అట్లాసు కానుకగా వచ్చాయి. 1963లో ఆమె ఐర్లండ్ నుంచి ఒంటరిగా బయలుదేరి సైకిలు మీద ఢిల్లీ చేరారు. కాబట్టి "వెళ్లగలరా" అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. "ఎలా" అన్నదే మిగిలింది.

నా పద్ధతి చెబుతాను. ఇంట్లో ఒకరికి దారి, చేరే చోటు, చేరే వేళ చెప్పి ఉంచుతాను. ఫలానా గంటలోపు కబురు అందకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా రాసి ఇస్తాను. సగంలో మాట మార్చుకుంటే ఆ మార్పూ చెబుతాను. దారిలో అపరిచితులకు రాత్రి బస ఎక్కడో చెప్పను, "ముందు ఊళ్లో నా కోసం చూస్తున్నారు" అంటాను. ఒక చోటు, ఒక మనిషి మనసుకు నచ్చకపోతే కారణం వెతకకుండా సాగిపోతాను. మర్యాద తప్పిందని తర్వాత ఎప్పుడూ బాధపడలేదు. ఇది చెప్పాక మరో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సామానుతో ఒంటరిగా వచ్చిన సైకిలు మనిషిని చూడగానే జనం ముఖాలు వికసిస్తాయి. నాకు తారసపడినవాళ్లలో నూటికి తొంభై మంది చేసింది సాయమే.

ఎప్పుడు ఆపేయాలి?

ఉరుము విన్నప్పుడు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లుంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలో ఉంది, అప్పటికే మీరు భవనంలోనో కారులోనో ఉండాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. సైకిలు రబ్బరు టైర్లు పిడుగు నుంచి కాపాడవు, ఒంటరి చెట్టు అసలే కాపాడదు.

ఎండలో తొక్కుతుంటే ఒళ్లు జలదరించినప్పుడు, తల తిరిగినప్పుడు, చిన్న లెక్క చేయలేకపోయినప్పుడు ఆపేయాలి. నీడకు చేరి, ఒళ్లంతా తడుపుకుని, ఆ రోజుకు సైకిలు పక్కన పెట్టండి. మాట తడబడేదాకా వస్తే అది ప్రాణాపాయం, వెంటనే సహాయం కోరాలి. అలాగే దిగుడులో ఒకే విధమైన తప్పు రెండుసార్లు చేస్తే నేను ఆగిపోతాను, అలసట అలాగే మొదలవుతుంది. ప్రయాణాన్ని మధ్యలో వదిలి బస్సు ఎక్కిన రోజులు నాకు ఐదారు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా తప్పని ఇప్పటికీ అనిపించదు.

చీకటి పడిపోతే?

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట సైకిలు మనిషికి అక్షరాలా వర్తిస్తుంది. చేయి ముందుకు చాపి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. వేలుకు సుమారు 15 నిమిషాల వెలుగు. రెండు వేళ్లే మిగిలితే కొత్త దారులు వెతకడం మాని, దగ్గరి బస చూసుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర పొద్దు గుంకాక 20, 25 నిమిషాల్లోనే చీకటి కమ్ముతుంది, ఉత్తర, దక్షిణాలకు పోయేకొద్దీ మునిమాపు సాగుతుంది. పగటి ప్రయాణమే అనుకున్నా ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉండాలి, వాటికి ఛార్జీ నిండుగా ఉండాలి.

రోజంతా ఒంటరిగా ఉంటే విసుగు రాదా?

మొదటి గంటలో ఇంటి సంగతులు తల నిండా ఉంటాయి. చెల్లించని బిల్లు, సగంలో ఆగిన మాట. రెండో గంటకు అవి పలచబడతాయి. మూడో గంటకు నాకు వినిపించేది చైను చప్పుడు, ఊపిరి, కంకర మీద టైరు నలిగే శబ్దం. నడిచేవాడికి దారి మరీ నెమ్మదిగా మారుతుంది, కారులోవాడికి కనిపించకముందే పోతుంది. సైకిలు వేగంలో మాత్రం వాసనలు ఒక్కొక్కటిగా వస్తాయి: తడి మట్టి, కోసిన గడ్డి, ఎవరింట్లోనో రాజుకుంటున్న పొయ్యి. చెట్ల నీడలోకి వెళ్లగానే చేతుల మీద చల్లదనం తెలుస్తుంది. తోడున్నప్పుడు ఇవన్నీ మాటల కింద మునిగిపోతాయి.

దిగులు పడే ఘడియలూ వస్తాయి, నాకైతే ఎక్కువగా మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోను. ముందు తింటాను, నీళ్లు తాగుతాను, పావుగంట కూర్చుంటాను. ఆ తర్వాత కూడా దిగులు ఉంటే అప్పుడు దాని సంగతి ఆలోచిస్తాను. చాలాసార్లు అది ఆకలే.

చేరాక వెంటనే పడుకోవచ్చా?

ఇరవై నిమిషాలు ఆగండి. ఇంట్లోవాళ్లకు కబురు, కాళ్లకు నీళ్లు, గంటలోపు కాస్త తిండి. తర్వాత సైకిలు. చైను తుడిచి నూనె చుక్కలు వేయండి, బ్రేకు దిమ్మల్లో ఇరుక్కున్న ఇసుక తీయండి, సామాను కట్టిన బోల్టులు ఒక్కొక్కటి బిగించి చూడండి. సీసాలు ఇప్పుడే నింపండి, పొద్దున చీకట్లో మరిచిపోతారు. చివరగా రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి, చేయంతా వాటి చుట్టూ తిప్పండి. గుచ్చుకుని ఉన్న ముల్లు కనిపిస్తే రాత్రే తీసి అతుకు వేయండి. ఏమీ కనిపించకపోయినా, తెల్లవారి లేవగానే ముఖం కడగకముందే మళ్లీ ఒకసారి నొక్కి చూడండి. సన్న చిల్లు ఉంటే టైరు రాత్రంతా మెల్లగా మెత్తబడి, ఆ వేళకు మీకు తెలుస్తుంది.